నాన్న పెట్టెలో దొరికిన ఐక్యరాజ్య సమితి మెడల్ అసలైనదేనా?

మీ నాన్నగారు ఏ యుద్ధంలోనూ లేరు, మరి ట్రంకు పెట్టెలో అన్ని మెడల్స్ ఎక్కడివి, ఐక్యరాజ్య సమితి గుర్తున్నది అసలైనదేనా అని అడిగారు. అసలైనదే అయ్యుంటుంది. అలాంటిది నా దగ్గరా ఉంది. మాది దేవరకొండ దగ్గర పల్లె. ఆర్మీలో నాయక్‌గా రిటైరయ్యాను, 2010లో ఆఫ్రికాలోని కాంగోలో గోమా పట్టణం దగ్గర సమితి శాంతి మిషన్‌లో డ్యూటీ చేశాను.

ముందు దాన్ని తిప్పి చూడండి. కంచు బిళ్ల, వెనక 'ఇన్ ద సర్వీస్ ఆఫ్ పీస్' అని ఉండాలి. రిబ్బను చిరిగినా పారేయకండి. మిషన్‌కో రకం రంగులుంటాయి, ఆయన ఏ దేశం పోయారో చెప్పేది అదే. నాదాని మీద పేరు లేదు. మన సర్కారు మెడల్స్‌కు మాత్రం అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. రిటైరైనప్పుడు ఆర్మీ ఇచ్చే డిశ్చార్జ్ బుక్కుతో కలిపి చూసుకోండి.

యుద్ధంతో పనిలేని మెడల్సే ఫౌజీ ఛాతీ మీద ఎక్కువ. బయటి దేశంలో డ్యూటీకి విదేశ్ సేవా, కష్టమైన ప్రాంతాల్లో ఉన్నందుకు సైన్య సేవా, 9, 20, 30 ఏళ్ల సర్వీసుకు వేరేవి. సమితిది మామూలుగా మిషన్‌లో 90 రోజులు చేస్తే ఇస్తారు. వీటికి నెలనెలా పైసలేం రావు, అవి సాహసానికిచ్చే గ్యాలంట్రీ మెడల్స్‌కే.

అయితే ఊరికే ఉన్నందుకు ఇచ్చారా అంటే, నా 90 రోజులు చెప్తా. 2002లో అగ్నిపర్వతం పారించిన లావా గోమాలో ఇంకా నల్లగా గడ్డకట్టి ఉంది, బూటు అడుగులు ఊరికే అరిగేవి. ఆడవాళ్లు సంతకు పోతుంటే తిరుగుబాటుదార్లు దారి కాసేవాళ్లు. అందుకని వాళ్ల ముందొక బండి, వెనకొక బండి మావి. పొద్దున తలలు లెక్కపెట్టి, సాయంత్రం మళ్లీ లెక్కపెట్టేవాళ్లం. ఒకరోజు పొద్దున 41, సాయంత్రం 40. చీకటి పడేదాకా వెతికితే ఆమె చెల్లెలింట్లో కూర్చుని ముచ్చట్లు చెప్తోంది! నా రైఫిల్ ఒక్కసారీ పేలలేదు. అందరికీ అట్ల గడవలేదు. 1961లో ఆ దేశంలోనే కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా ప్రాణమిచ్చారు, పరమవీర చక్ర వచ్చింది.

మా దిక్కు మెడల్ అనగానే గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు మహావీర చక్రే గుర్తొస్తుంది. అది న్యాయమే. కానీ పంద్రాగస్టు నాడు మా ఊళ్లో మైకులో నన్ను కార్గిల్ వీరుడన్నారు. కార్గిల్ నాటికి నేను భర్తీ కూడా కాలేదు. జెండా దిగకముందే మా మేనమామ పట్టుకున్నాడు.

"అల్లుడా, ఎంతమందిని లేపినవ్?"

"ఒక్కర్ని గూడ లే మామా."

"మరి గీ బిళ్లలెందుకిచ్చిండ్రు?"

చెల్లెలింటి ముచ్చట చెప్తే నవ్విండు గానీ, నమ్మినట్టు లేదు.

ఒక్కటి మాత్రం, మెరుస్తాయని వాటిని తోమకండి. దసరాకు మా ఆవిడ ఇత్తడి చెంబులతో పాటు నాదాన్నీ చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమింది. సమితి గుర్తులోని ఆలివ్ కొమ్మ ఒకవైపు సగం అరిగిపోయింది.