టికెట్ కట్టేసే ముందు ఒక్కసారి ఆగు

ఒరేయ్ అబ్బాయీ,

నిన్న ఫోన్లో నీ ట్రక్కు విషయంలో పడిన జరిమానా టికెట్ సంగతి చెబుతూ "కట్టి పారేస్తాను పెదనాన్నా, ఎవడు తిరుగుతాడు కోర్టు చుట్టూ" అన్నావు చూడు, ఆ మాట రాత్రంతా నిద్రపట్టనివ్వలేదు. పాతికేళ్ళ కిందట నేనూ అదే అన్నాను. బ్రేకుల అడ్జస్ట్‌మెంట్ మీద వచ్చిన టికెట్‌ను వారం తిరక్కుండా కట్టేశాను. ఇన్సూరెన్స్ రెన్యువల్ రోజున గానీ దాని అసలు ఖరీదు తెలిసిరాలేదు.

కెనడాలోని ఈ ఒంటారియోలో 4,500 కిలోలు దాటిన ట్రక్కు నడిపేవాడికి సీవీఓఆర్, అదే ట్రక్కుల యజమానుల రిజిస్ట్రేషనూ భద్రతా రికార్డూ, అంటే కేవలం నంబరు కాదు, జాతకం. అందులో యాక్సిడెంట్లకు 40 శాతం, శిక్ష పడిన కేసులకు 40, రోడ్డు మీద తనిఖీలకు 20 లెక్కన ఉల్లంఘనల రేటు కడతారు, అదీ గడిచిన 24 నెలలకు. 35 శాతం దాటితే హెచ్చరిక ఉత్తరం. 50 దాటితే ఆడిట్. 100 చేరితే సర్టిఫికెట్‌కే ఎసరు. తిరిగిన కిలోమీటర్లను బట్టి లెక్క కాబట్టి నీలాంటి రెండు బళ్ళ వాడికి ఒక్క టికెట్ కూడా బరువే. అన్నట్టు, నువ్వు రవాణా మినిస్ట్రీకి చెప్పిన కిలోమీటర్లు పాతవైతే ఈ రోజే సరిచేసుకో. తక్కువ చూపిస్తే రేటు ఊరికే పెరుగుతుంది.

డ్రైవర్ మీద రాసిన టికెట్ మనది కాదనుకోకు. మన బండి నడుపుతుండగా అతనికి పడిన శిక్ష మన రికార్డులోనూ ఎక్కుతుంది.

టికెట్ వెనక మూడు దారులుంటాయి: డబ్బు కట్టడం, ప్రాసిక్యూటర్‌తో (కేసు నడిపే అవతలి పక్షం లాయర్‌తో) ముందుగా మాట్లాడటం, విచారణ కోరడం. గడువు 15 రోజులు. కట్టడమంటే ఒప్పుకోవడమే, శిక్ష పడినట్టే. ప్రాసిక్యూటర్‌తో మాట్లాడేటప్పుడు జరిమానా తగ్గిస్తామంటే సంబరపడకు. మార్చిన ఆరోపణకు సీవీఓఆర్ పాయింట్లు ఎన్నో అడిగి తెలుసుకున్నాకే తలూపు. టికెట్ కాక సమన్లు గనక వచ్చి ఉంటే ఆ రోజు కోర్టుకు పోక తప్పదు.

విచారణ కోరితే మొదట డిస్‌క్లోజర్, అంటే వాళ్ళ దగ్గరున్న ఆధారాల కాపీలు, అడుగు. ఆఫీసర్ నోట్సు, తనిఖీ రిపోర్టు, ఫొటోలు, తూకం చీటీ అన్నీ రావాలి. మీ డ్రైవర్ రోడ్డు పక్కన "అయ్యో, పొద్దున చూసుకోలేదండీ" అని వాగి ఉంటే అదీ ఆ నోట్సులోనే కనిపిస్తుంది. కాగితాలు ఇవ్వాలి, మర్యాదగా ఉండాలి, సంజాయిషీలు మాత్రం చెప్పకూడదని డ్రైవర్లకు ముందే నూరిపోయాలి.

మనకు ఉన్న గట్టి వాదన ఒక్కటే: చేయాల్సిన జాగ్రత్తంతా చేశామని చూపడం. 1978లో కెనడా సుప్రీంకోర్టు ఇలాంటి నేరాలకు ఆ దారి తెరిచింది. కానీ రుజువు చేయాల్సింది మనమే. రోజువారీ తనిఖీ రిపోర్టులు, మెకానిక్ బిల్లులు, డ్రైవర్‌కు శిక్షణ ఇచ్చినట్టు సంతకాలు, తప్పు చేస్తే మందలించిన కాగితం... ఇవన్నీ బండి ఆపిన రోజుకు ముందు తేదీలతో ఉండాలి. తర్వాత పుట్టించిన కాగితం జడ్జి ముందు నిలవదు, పైగా అది వేరే నేరం. డ్రైవర్ చిన్న లోపం రాసి ఇచ్చాడా? బాగు చేయించిన బిల్లు దానికి పిన్ను కొట్టి ఉంచు. డ్రైవర్ పనిగంటల లాగ్‌లు ఆరు నెలలు దాచాలని నీకు తెలిసిందే.

చక్రం ఊడిపోతే మాత్రం ఈ వాదన పనికిరాదు. ఎంత జాగ్రత్త పడ్డా చట్టం వినదు. జరిమానా 2,000 నుంచి 50,000 డాలర్ల దాకా. అందుకే టైరు మార్చిన తర్వాత వంద కిలోమీటర్ల లోపే నట్లు మళ్ళీ బిగించమని నీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేది.

ఇంకోటి. కోర్టులో వాదించడానికి నీకూ డ్రైవర్‌కూ ఒకే మనిషిని పెట్టకు. డ్రైవర్ "ఓనర్ పొమ్మన్నాడు" అంటాడు, నువ్వు "నాకు చెప్పలేదు" అంటావు, మధ్యలో ఆ లాయర్ ఎవరి పక్షం? పారాలీగల్ (లాయర్ కాకపోయినా ఇలాంటి చిన్న కేసులు వాదించే లైసెన్సున్నవాడు) చాలు, కానీ ఆ లైసెన్సులిచ్చే లా సొసైటీ లైసెన్సు ఉందో లేదో నువ్వే చూసుకో. "గ్యారంటీగా కొట్టేయిస్తా" అన్నవాడి గుమ్మం తొక్కకు.

టికెట్ రెండు వైపులా ఫొటో తీసి ఈ రాత్రికే పంపు. పదిహేనులో నాలుగు రోజులు అప్పుడే గడిచాయి.

మీ పెదనాన్న