ఒకే రోజు రెండు ట్రిప్పులు కుదురుతాయా?

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, డాలస్‌లో డిగ్రీ అయిపోవస్తోంది. ఒక ఎయిర్‌లైన్‌లో ఫ్లైట్ అటెండెంట్ ట్రైనింగ్‌కి సెలెక్ట్ అయింది. "పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు కొట్టేస్తే డబ్బులకు డబ్బులు, మిగతా రోజులు ఇంట్లోనే" అంటోంది. అలా చేయనిస్తారా? ఒళ్లు హూనం చేసుకుంటుందేమోనని నా టెన్షన్. – ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: చేయనిస్తారండీ. కాకపోతే మీ అమ్మాయి అనుకుంటున్నంత సులువు కాదు, మీరు భయపడుతున్నంత అడ్డూ అదుపూ లేని వ్యవహారమూ కాదు.

అమెరికాలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఏఏ. దాని రూలు రోజుకు ఎన్ని ట్రిప్పులు అని లెక్కపెట్టదు, డ్యూటీ గంటలు లెక్కపెడుతుంది. రిపోర్ట్ చేసిన నిమిషం నుంచి రిలీజ్ చేసేదాకా డ్యూటీ. మామూలు సిబ్బందితో నడిచే ఫ్లైట్లకు దాన్ని 14 గంటలు దాటేలా షెడ్యూల్ చేయకూడదు. ఆ తర్వాత వరసగా 10 గంటల రెస్ట్ ఇవ్వాలి. ఇది ఇదివరకు 9 గంటలే, దాన్ని కూడా 8కి కుదించే వీలుండేది. 2022లో మారింది, ఇప్పుడు ఆ పదిలో కోత పెట్టడానికి లేదు. వరసగా ఏ ఏడు రోజులు తీసుకున్నా అందులో ఒక 24 గంటలు పూర్తిగా ఖాళీ ఉండాలి.

మెలిక ఎక్కడంటే, పొద్దున ట్రిప్పుకీ సాయంత్రం ట్రిప్పుకీ మధ్య ఇంటికెళ్లి పడుకుని వచ్చినా సరే, ఆ ఖాళీ 10 గంటలు లేకపోతే అది రెస్ట్ కింద రాదు, రెండు ట్రిప్పులూ కలిపి ఒకే డ్యూటీ. ఉదాహరణకు డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్ ఎయిర్‌పోర్టు)లో ఉదయం 5:00కి రిపోర్ట్, ఆస్టిన్ వెళ్లి వచ్చి 9:30కి రిలీజ్ (వెళ్లి అదే రోజు తిరిగొచ్చేదాన్ని వీళ్లు టర్న్ అంటారు). మళ్లీ మధ్యాహ్నం 1:00కి డెన్వర్ టర్న్, రాత్రి 7:15కి రిలీజ్. చూడ్డానికి బానే ఉంది కదా? మొత్తం 14 గంటల 15 నిమిషాలు. ఆ పావుగంట దగ్గర సిస్టమ్ "ఇల్లీగల్" అని తిప్పికొడుతుంది. అదే 6:45కి ముగిసే టర్న్ అయితే 13 గంటల 45 నిమిషాలు కాబట్టి రూలు ప్రకారం సరే, కానీ మర్నాడు తెల్లవారుజామున 4:45 కన్నా ముందు రిపోర్ట్ చేయడానికి లేదు. ఇది కేవలం ఎఫ్‌ఏఏ లెక్క. యూనియన్ కాంట్రాక్టులు చాలావాటిలో ఇంతకన్నా బిగువుగా ఉంటాయి, రిపోర్ట్ టైమును బట్టి పరిమితి తగ్గుతుంది, కాబట్టి ట్రైనింగ్‌లో కాంట్రాక్టు పుస్తకం చేతికి రాగానే ముందు ఆ పేజీలు చదవమనండి.

ఇంకోటి, 14 గంటలు అన్నది షెడ్యూల్‌కి పెట్టిన హద్దు. డాలస్‌లో మే, జూన్ నెలల్లో సాయంత్రం పూట ఉరుములూ మెరుపులూ ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా! మామూలుగా టైముకి అయిపోయే ఫ్లైటే వాతావరణం వల్ల ఆలస్యమైతే రూలు తప్పినట్టు కాదు. 13 గంటల 45 నిమిషాల దాకా బిగించి పెట్టుకున్న రోజున గాలివాన వస్తే ఆ పిల్ల ఎన్నింటికి ఇల్లు చేరుతుందో చెప్పలేం. పైగా ఆ 10 గంటలు రిలీజ్ అయిన క్షణం నుంచి నడుస్తాయి, దిండు మీద తల పెట్టినప్పటి నుంచి కాదు. ఎంప్లాయీ పార్కింగ్ బస్సు, ఫ్రిస్కో దాకా డ్రైవ్, స్నానం, తిండి అన్నీ అందులోనే. ఆరు గంటలు నిద్ర దొరికితే గొప్పే.

డబ్బు సంగతి. వీళ్ల జీతం ప్రధానంగా ఫ్లైట్ గంటల మీద. నేను చెప్పిన రోజులో దాదాపు 14 గంటలు యూనిఫామ్‌లో ఉంటే జీతం లెక్కకొచ్చే ఫ్లైట్ టైము ఆరు గంటలు, అటూ ఇటూగా. ప్రయాణికులను ఎక్కించుకునే సమయానికి డెల్టా 2022లో సగం రేటు ఇవ్వడం మొదలుపెట్టింది, అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో 2024 కాంట్రాక్టుతో వచ్చింది. మధ్యలో ఎయిర్‌పోర్టులో కూర్చున్న గంటలకు పెద్దగా ఏమీ రాదు. అందుకే సీనియర్లు రెండు టర్న్‌ల కన్నా ఒకే పొడుగాటి టర్న్ ఏరుకుంటారు. ఏరుకోవడం వాళ్లకే చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ అంతా సీనియారిటీ.

మీ అమ్మాయి ప్లానులో అసలు చిక్కు కూడా ఇదే. కొత్తవాళ్లు చాలాచోట్ల మొదట రిజర్వ్‌లో ఉంటారు, అంటే ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చోవాలి, షెడ్యూలింగ్ వాళ్లు పిలిస్తే పరిగెత్తాలి. ఏ ట్రిప్పో, ఎన్నో తన చేతిలో ఉండదు. బేస్, అంటే డ్యూటీలు మొదలయ్యే ఊరు, కూడా కంపెనీ అవసరాన్ని బట్టే ఇస్తారు. న్యూయార్క్ ఇచ్చారనుకోండి, నలుగురైదుగురు కలిసి అద్దెకు తీసుకునే క్రాష్ ప్యాడ్‌లో ఒక బంక్ బెడ్, డాలస్ ఇంటికి రావాలంటే ఖాళీ సీటు దొరికితేనే. "మిగతా రోజులు ఇంట్లోనే" అన్నది అక్కడే తేలిపోతుంది.

2025 డిసెంబరులో ఇండిగో ఫ్లైట్లు వేలల్లో రద్దయిన వార్తలు చూసి ఊళ్లోవాళ్లు మిమ్మల్ని మరింత కంగారు పెడుతున్నారేమో. అది ఇండియాలో పైలట్ల రెస్ట్ రూళ్ల గొడవ, మీ అమ్మాయికీ దానికీ సంబంధం లేదు.

ఉద్యోగం మాన్పించమని నేననను. జాయిన్ అయ్యేముందు రిక్రూటర్‌ను రెండు విషయాలు అడగమనండి: బేస్ ఎక్కడ ఇచ్చే అవకాశం ఉంది, ఆ బేస్‌లో ఇప్పుడు కొత్తవాళ్లు ఎన్నాళ్లు రిజర్వ్‌లో ఉంటున్నారు. బేస్ డాలస్ కాకపోతే నాకు మళ్లీ రాయండి, అప్పుడు అద్దె, ప్రయాణం కలిపి వేరే లెక్క వేసుకోవాలి.