పక్షవాతం తర్వాత ఖర్చు: పొలం అమ్మాలా, ఉద్యోగం మానాలా?

ప్రశ్న: మాది కర్నూలు. మా నాయనకు 64 ఏళ్లు, కోడుమూరులో కిరాణా అంగడి నడిపేవారు. నెలన్నర కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తోంది. పట్టుకుంటే నాలుగడుగులు వేస్తున్నారు. ఆసుపత్రి బిల్లు మా ఆఫీసు గ్రూపు బీమాలో పోయింది. రిహాబ్ సెంటర్‌లో నెలకు 40,000. ఆరు నెలలకు ఒకేసారి కడితే 2,10,000 అంటున్నారు. నా జీతం 48,000. నాయన పేరున 6 లక్షల ఎఫ్‌డీ, రెండెకరాల పొలం ఉన్నాయి. పొలం అమ్మమంటారా? ఉద్యోగం మాని నేనే చూసుకోనా?

జవాబు: రెండూ వద్దు. మీరు రాజీనామా చేస్తే పోయేది జీతం ఒక్కటే కాదు, నాన్నగారి బీమా కూడా. పక్షవాతం వచ్చిన మనిషికి బయట కొత్త పాలసీ దొరకడం చాలా కష్టం. దొరికినా పాత జబ్బుకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ జబ్బుకు బీమా డబ్బు రాని గడువు, పెట్టొచ్చు. పగటిపూట చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టుకోండి.

ఇక ఆరు నెలలకు ఒకేసారి కడితే వచ్చే ఆ 30,000 తగ్గింపు. నాకది నచ్చలేదు. పక్షవాతం నుంచి కోలుకోవడం నెలనెలా ఒకే తీరుగా సాగదు. మొదటి మూడు నెలల్లో వేగం ఎక్కువ, ఆరు నెలల దాకా ఓ మోస్తరు, ఆ తర్వాత కూడా మెరుగవుతారు గానీ నిదానంగా. కాబట్టి ఖర్చుకు వెనకాడకూడని కాలం ఇదే. అలాగని ఐదో నెల డబ్బు ఇప్పుడే కట్టేయడమెందుకు? అప్పటికి ఆయన ఇంట్లోనే ఫిజియో చేయించుకునే స్థితికి రావచ్చు. నెలనెలా కట్టండి. కట్టే ముందు థెరపిస్టును ఒకటే అడగండి: పోయిన నెల చేయలేనిది ఈ నెల ఏం చేస్తున్నారు? మంచం మీంచి తనంతట తాను లేచి కూర్చుంటున్నారా, బాత్రూంకి ఒక్కరి సాయంతో వెళ్తున్నారా, కుడిచేత్తో చొక్కా గుండీ పెట్టుకోగలుగుతున్నారా? జవాబు ఇలాంటి పనుల్లో రావాలి. "బానే ఉన్నారు సార్" అని సరిపెడితే ఇంకో చోటు చూడండి. స్పీచ్ థెరపీ ఆ డబ్బులోనే ఉందో లేదో కాగితం మీద రాయించుకోండి. నడక ధ్యాసలో పడి మాట సంగతి మరిచిపోయే కుటుంబాలే ఎక్కువ.

మూడు నెలలు సెంటర్‌కు 1,20,000. తర్వాత ఆరు నెలలు ఇంటి దగ్గర ఫిజియోకి, మనిషికి, మందులకు నెలకు 25,000 వేసుకున్నా 1,50,000. మొత్తం 2,70,000. ఎఫ్‌డీలో సగం కూడా కాలేదు, ఇక పొలం మాటెందుకు? మధ్యలో చేతిలో డబ్బాడకపోయినా నూటికి రెండు రూపాయల వడ్డీకి పోకండి. అది ఏడాదికి 24 శాతం. బ్యాంకులో బంగారం పెడితే అందులో సగం లోపే.

అసలు చిక్కు ఆ ఎఫ్‌డీ తీయడంలో ఉంది. కుడిచెయ్యి పనిచేయదు, సంతకం కలవదు. కౌంటర్లో కుదరదంటే తిరిగి రాకండి. సంతకం చేయలేని ఖాతాదారు వేలిముద్ర, అదీ కుదరకపోతే కాలి బొటనవేలి ముద్ర తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఇద్దరు సాక్షులు కావాలి, ఒకరు బ్యాంకు అధికారే అయి ఉండాలి. అధికారిని సెంటర్‌కు పంపమని మేనేజర్‌కు అర్జీ రాసివ్వండి. నాన్నగారికి మాట ముద్దగా వచ్చినా విషయం అర్థమవుతోంది కదా, ఆయన ఒప్పుకుంటే ఆ రోజే అమ్మగారిని జాయింట్‌గా, 'ఇద్దరిలో ఎవరైనా' తీసుకునేలా చేర్పించండి.

డిశ్చార్జి తర్వాత 60 లేదా 90 రోజుల ఖర్చులు చాలా పాలసీల్లో ఇస్తారు. డాక్టరు చీటీలో ఫిజియోథెరపీ అని రాసి ఉంటే ఆ బిల్లులు కూడా పెట్టి చూడండి. గడువు దగ్గరపడుతోంది, ఈ వారమే హెచ్‌ఆర్‌ను అడగండి. పన్ను మినహాయింపుల గొడవ మీకక్కర్లేదు, ఈ జీతానికి కొత్త విధానంలో పన్నే పడదు.

బంధువులు ఏదో ఊరి పసరు మందు చెబుతారు. వెళ్లొచ్చే కారు కిరాయి మాట అటుంచి, బీపీ మాత్రలు మాత్రం ఎవరు చెప్పినా ఆపొద్దు. అవి జన ఔషధి దుకాణంలో చవకగా దొరుకుతాయి.

పింఛను విషయానికొస్తే, పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి రాష్ట్ర ప్రభుత్వం 2024 జులై నుంచి నెలకు 15,000 ఇస్తోంది. మీ నాన్నగారు అడుగులు వేస్తున్నారు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. కోలుకోవడం ఒక స్థాయికి వచ్చి నిలిచాక సదరం (ప్రభుత్వ వైకల్య నిర్ధారణ) పరీక్షలో వైకల్యం 40 శాతం, అంతకు మించి తేలితే 6,000 పింఛనుకు దరఖాస్తు చేయొచ్చు. దానికి బియ్యం కార్డు, ఆదాయ పరిమితి చూస్తారు. అమ్మానాన్నల కార్డు విడిగా ఉందో, మీ పేరు కూడా అందులోనే ఉందో సచివాలయంలో కనుక్కోండి.