ఇద్దరు జడ్జిల దగ్గర క్లర్క్‌షిప్ ఇంటర్వ్యూలు పడితే ఎవరికి ఏం చెప్పాలి?

మీకు అమెరికాలో లా రెండో ఏడాది పూర్తయింది, క్లర్క్‌షిప్‌కి (జడ్జి దగ్గర సహాయకుడిగా చేసే ఉద్యోగం) ఫెడరల్ డిస్ట్రిక్ట్ జడ్జి ఇంటర్వ్యూకి పిలిచారు, మనసేమో దానికి పైనుండే అప్పీల్స్ కోర్టు మీద ఉంది, అక్కణ్ణుంచి ఇంకా కబురు లేదు. "కొన్నాళ్లు ఆగమని వీళ్లని అడగొచ్చా?" అని నన్నడిగారు. నేనూ ఈ ఇరకాటంలో పడి, చివరికి డిస్ట్రిక్ట్ జడ్జి దగ్గరే పనిచేశాను.

ఆగమని అడగకండి. ఛాంబర్స్ (జడ్జిగారి ఆఫీసు) నుంచి ఫోన్ చేసేది మామూలుగా జడ్జిగారి అసిస్టెంటో, అక్కడి క్లర్కో. వాళ్లు రెండు మూడు తేదీలు చెబితే చివరిది తీసుకోండి, తప్పేం లేదు. అది ఖాయం కాగానే రెండో ఛాంబర్స్‌కి మీరే ఫోన్ చేయండి. నేనైతే, "ఫలానా రోజు ఇంకో ఇంటర్వ్యూకి మీ ఊరే వస్తున్నానండీ, జడ్జిగారికి వీలైతే అప్పుడే కలుస్తాను" అన్నాను. విమానం ఖర్చు మన జేబులోదేనని వాళ్లకీ తెలుసు. ఒకచోట అసిస్టెంట్ గారు కాసేపు లైన్లో ఉంచి, "మూడింటికి రండి" అన్నారు. ఇంకోచోట "ఇంకా ఏమీ అనుకోలేదు" అన్నారు. నేను వాళ్లని మళ్లీ కదపలేదు.

ఆఫర్ దగ్గరే అసలు చిక్కు. 2018లో ప్రకటించిన హైరింగ్ ప్లాన్ (ఫెడరల్ క్లర్కుల్ని తీసుకునే పద్ధతి) పాటించే జడ్జిలు ఆఫర్‌ని కనీసం 24 గంటలు అలాగే ఉంచుతారు. ఈలోగా వేరే ఇంటర్వ్యూకి వెళ్లొచ్చు. కానీ జడ్జిలంతా పాటించాలని లేదు. కొందరు ఫోన్లోనే జవాబు ఆశిస్తారు. "ఇంట్లో అడిగి చెప్తా" అనే మన అలవాటు అక్కడ నప్పదు, ఆ అడగడమేదో ఇంటర్వ్యూకి ముందే కానివ్వండి. ఏ జడ్జి అయినా ఆఫర్ ఇస్తే మీరు కాదంటారనుకుంటే, అక్కడ అసలు దరఖాస్తే పెట్టకండి.

ఆఫర్ చేతికొచ్చి గడువు ఉంటే, మీకు ఎక్కువ ఇష్టమైన ఛాంబర్స్‌కి వెంటనే చెప్పండి: ఆఫర్ వచ్చింది, రేపు ఫలానా టైముకి జవాబివ్వాలి, అంతే. లేని ఆఫర్ ఉందని మాత్రం చెప్పొద్దు, జడ్జిలు ఒకరికొకరు ఫోన్ చేసుకుంటారు.

సరేనన్నాక అదే రోజు మిగతా ఇంటర్వ్యూలు ఫోన్ చేసి రద్దు చేసుకోండి, ఆస్కార్‌లో (సినిమా అవార్డు కాదు, దరఖాస్తుల సైటు) మిగిలినవి వెనక్కి తీసుకోండి, మీకు సిఫార్సు ఉత్తరాలు రాసిన ప్రొఫెసర్లకి చెప్పండి. ఆ తర్వాత ఎంత పెద్ద కోర్టు పిలిచినా మాట తప్పొద్దు. తప్పితే ఆ ప్రొఫెసర్ల మాటకీ, వచ్చే ఏడాది మీ కాలేజీ నుంచి అడిగే జూనియర్లకీ దెబ్బ.

రాష్ట్రాల కోర్టుల పద్ధతులు వేరు, ఎక్కడికక్కడ మారతాయి. వాటి గురించి మీ కాలేజీ క్లర్క్‌షిప్ ఆఫీసునే అడగండి.