మెర్కెల్ కణ క్యాన్సర్: విగ్రహవాక్యం ఏది?

ప్రశ్న: ఒక బయాప్సీ నివేదికను తెలుగులో రాస్తూ ‘మెర్కెల్ కణ క్యాన్సర్’ అన్నాను. దీన్ని ‘మెర్కెల్ కణాల వలన పుట్టిన క్యాన్సర్’ అని విడమరచి చెప్పవచ్చునా? ‘నాడీ అంతస్రావ’ (న్యూరోఎండోక్రైన్) అన్న విశేషణం సరైనదేనా? చర్మానికి వచ్చే జబ్బు కనుక ‘చర్మపు పుండు’ అంటే సరిపోదా?

సమాధానం: మీరు చెప్పిన విగ్రహవాక్యం పంచమీ తత్పురుషకు సరిపోతుంది, వ్యాకరణరీత్యా అందులో దోషం లేదు. అయితే, అది జబ్బు పుట్టుకను గురించి ఇంకా తేలని విషయాన్ని తేలినట్లు చెబుతుంది కనుక, నేను దాన్ని అంగీకరించలేను.

జర్మన్ శరీరనిర్మాణ శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ మెర్కెల్ 1875లో వర్ణించిన స్పర్శకణాలు, అంటే మెర్కెల్ కణాలు, బాహ్యచర్మం అడుగుపొరలో ఉంటాయి. ఈ క్యాన్సర్‌ను 1972లో సిరిల్ టోకర్ మొదట వర్ణించినప్పుడు దాని పేరులో మెర్కెల్ ప్రస్తావనే లేదు. కణాలు పట్టీలుగా అల్లుకున్న తీరును బట్టి ఆయన దానికి ‘ట్రాబెక్యులర్ కార్సినోమా’ అని పేరు పెట్టాడు. తరువాత 1978లో, మెర్కెల్ కణాల్లో ఉండే చిక్కని నడిమిభాగం గల సూక్ష్మరేణువులే ఈ కణితి కణాల్లోనూ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కనబడడంతో నేటి పేరుకు దారి ఏర్పడింది. ఆ పోలిక నిజమే కాని, పోలిక ఉన్నంత మాత్రాన పుట్టుక రుజువు కాదు. సహజ మెర్కెల్ కణాలు విభజన చెందడం మానుకున్న కణాలు, పైగా కణితి సాధారణంగా పెరిగేది అంతశ్చర్మంలో. అందుచేత మూలకణం ఏదన్న చర్చ పరిశోధకుల్లో ఇంకా సాగుతూనే ఉంది. 2008లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ కణితుల్లో ఒక పాలియోమా వైరస్‌ను కనుగొన్నారు. అమెరికా, ఐరోపాలలో సుమారు 80 శాతం కణితుల్లో అది కనబడుతుంది. వైరస్ లేని వాటిలో ఎండలోని అతినీలలోహిత కిరణాలు చేసిన జన్యునష్టం మెండుగా ఉంటుంది. ఈ రెండు రకాలకూ మూలకణం ఒకటే కాకపోవచ్చునని భావించేవారూ ఉన్నారు.

కాబట్టి దీన్ని మధ్యమపదలోపి సమాసంగా గ్రహించి, ‘మెర్కెల్ కణాలను పోలిన కణాలు గల క్యాన్సర్’ అని విప్పడమే న్యాయం. శాకపార్థివుడు (శాకప్రియుడైన రాజు) అన్న మాటలో ‘ప్రియుడైన’ అన్నది లోపించినట్లే ఇక్కడ ‘పోలిన’ అన్నది లోపించింది.

ఇక విశేషణం సంగతి. విసర్గకు స పరమైతే విసర్గ నిలవవచ్చు, లేదా సకారం కావచ్చు; కనుక అంతఃస్రావ, అంతస్స్రావ రెండూ సాధువులే. ‘అంతస్థ’లో వలె విసర్గ లోపించాలంటే సకారం తరువాత త, థ వంటి శ్వాసవర్ణం ఉండాలి, ఇక్కడున్నది రేఫ (ర), అందువల్ల ‘అంతస్రావ’ నిలవదు. కలిపి రాస్తే యణాదేశంతో ‘నాడ్యంతస్స్రావ’ అవుతుంది కాని, రోగి చదివే కాగితంలో ‘నాడీ అంతఃస్రావ’ అని విడిగా రాయడమే మేలని నా అభిప్రాయం. దీన్ని నాడులకు వచ్చిన క్యాన్సర్ అని ఎవరైనా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది గనుక, ఒక వివరణవాక్యం తప్పక చేర్చండి: ఈ కణాలు నాడీకణాల లక్షణాలనూ, హార్మోన్లను స్రవించే కణాల లక్షణాలనూ చూపుతాయి, సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్ అన్న ప్రోటీన్లు వాటిలో కనబడడం అందుకు గుర్తు.

నివేదికలో ‘చిన్న నీలి గుండ్రని కణాలు’ అని ఉంటే అలాగే తెలుగు చేయండి. ఆ నీలం రంగు అద్దకం వల్ల వచ్చినదే తప్ప కణానికి సహజమైనది కాదు. కేంద్రకంలోని క్రొమాటిన్ అనే జన్యుపదార్థం ఉప్పూ మిరియాలపొడీ చల్లినట్లు ఉంటుందని వైద్యులే అంటారు, దాన్ని మార్చనక్కరలేదు. ఊపిరితిత్తుల చిన్నకణ క్యాన్సర్ కూడా ఇంచుమించు ఇలాగే కనబడుతుంది. ఈ రెంటినీ వేరుచేయడానికి సికె-20, టిటిఎఫ్-1 అన్న ప్రోటీన్లను చూస్తారు: మెర్కెల్ రకంలో సాధారణంగా సికె-20 కేంద్రకం పక్కన చుక్కలా కనబడుతుంది, టిటిఎఫ్-1 కనబడదు. అందుచేత ‘ఉంది’, ‘లేదు’ అన్న క్రియలు తారుమారైతే జబ్బు పేరే మారిపోతుంది. అక్కడ మాత్రం రెండుసార్లు సరిచూసుకోండి.

‘పుండు’ అన్న మాటను నేను ఒప్పుకోను. పుండు అనగానే మనకు తోచేది చర్మం చిట్లి రసి కారడం, సలపడం. ఈ జబ్బు చాలామందిలో నొప్పిలేని, గట్టిగా ఉండే, ఎర్రని లేదా ఊదారంగు బొడిపెగా మొదలై కొద్ది వారాల్లో, నెలల్లో త్వరగా పెరుగుతుంది. పుండు అని చదివినవారు తమ బొడిపెకూ ఆ మాటకూ సంబంధం లేదనుకొని వైద్యుని వద్దకు వెళ్లడంలో ఆలస్యం చేయవచ్చు. ‘కణితి’ అనండి, పైకి కనబడే రూపాన్ని చెప్పేటప్పుడు ‘బొడిపె’ అనండి.