ఆడుకున్న వారంలో పాప ఏం నేర్చుకుంది?

ప్రశ్న: మా పాపకు నాలుగున్నరేళ్ళు. ఈ ఏడాది ఎల్‌కేజీలో చేర్పించాము. ఆ వారం తరగతిలో ఏం జరిగిందో ప్రతి శుక్రవారం బడి వాళ్ళు ఒక కాగితం మీద రాసి పంపుతారు. సోమవారం పెసలు నానబెట్టామని, మంగళవారం గింజలు వేరుచేశామని, బుధవారం నీళ్ళ తొట్టి దగ్గర ఆడామని, గురువారం కిరాణా కొట్టు ఆట, శుక్రవారం కథ అని పోయిన వారం కాగితంలో ఉంది. అక్షరం ముక్క లేదు. వేరే బడిలో అదే తరగతి చదువుతున్న పక్కింటి బాబు అక్షరమాల అంతా రాస్తున్నాడు, వంద వరకు అంకెలు గడగడా ఒప్పజెబుతున్నాడు. ‘ఆడుకోవడానికి ఇంత ఫీజా?’ అని మా అత్తగారు అడుగుతుంటే నా దగ్గర జవాబు లేదు. బడి మార్పించమంటారా?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: ఇప్పుడే మార్పించవద్దమ్మా. మీరు పంపిన వివరాలను బట్టి ఆ వారంలో చదువు బాగానే జరిగింది. అది పలక మీద కనిపించలేదు, అంతే.

మంగళవారంతో మొదలుపెడదాం. చిక్కుడు గింజలు, చింతపిక్కలు, శనగలు కలగలిపి పోసి వేరుచేయమన్నప్పుడు పాప రంగును, సైజును, నునుపును పోల్చి చూస్తుంది, ఏది ఏ గుంపులోకి వెళ్ళాలో తనే ఒక నియమం పెట్టుకుంటుంది, ఆ తర్వాత లెక్కపెడుతుంది. పక్కింటి బాబు జ్ఞాపకశక్తిని నేను తక్కువ చేయను. కానీ నా తరగతిలో వంద వరకు ఆగకుండా చెప్పే ఒక పిల్లవాడిని ‘ఏడు చింతపిక్కలు ఇవ్వు నాన్నా’ అని అడిగితే, రెండు దోసిళ్ళ నిండా తెచ్చి నా ఒడిలో పోశాడు. వాడికి అంకెలు పాటలా వచ్చాయి, సంఖ్య ఇంకా రాలేదు. ఒక్కో గింజకు ఒక్కో అంకె మాత్రమే చెప్పాలని, చివర పలికిన అంకె మొత్తం ఎన్నో చెబుతుందని తెలియడానికి వేళ్ళతో గింజలను ఒక్కొక్కటిగా జరపడం తప్ప దగ్గరి దారి లేదు. ఇంట్లో మీరే ఒకటి చేసి చూడండి. ఆరు పిక్కలను దగ్గరగా ఒక వరుసలోనూ, మరో ఆరింటిని ఎడంగా ఇంకో వరుసలోనూ పేర్చి ఎందులో ఎక్కువ ఉన్నాయని అడగండి. పాప పొడుగు వరుసనే చూపించవచ్చు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాన్ పియాజే ఇలాంటి ప్రశ్నలే పిల్లలను అడిగి, వాళ్ళ ఆలోచన పెద్దల ఆలోచనకు చిన్న నమూనా కాదని, దాని తీరే వేరని చూపించారు. అందువల్ల పాప తప్పు చెబితే దిద్దకండి, మళ్ళీ లెక్కపెట్టనివ్వండి.

సోమవారం నానబెట్టి తడిగుడ్డలో కట్టిన పెసలు బుధవారానికి మొలకెత్తి ఉంటాయి. ‘తోకలొచ్చాయి టీచర్!’ అని ఎవరో ఒకరు అరిచే ఉంటారు. రెండు రోజులు ఓపిక పట్టడం, రేపు ఏమవుతుందో ఊహించడం, చూసినదాన్ని తన మాటల్లో చెప్పడం అందులోనే ఉన్నాయి.

ఇక బుధవారం నీళ్ళాట. మీ అనుమానమంతా రాత గురించే కాబట్టి దీని దగ్గర కొంచెం ఆగాలి. పుట్టినప్పుడు మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలు దాదాపు మృదులాస్థిగానే, అంటే ఇంకా ఎముకగా మారని మెత్తని కణజాలంగానే ఉంటాయి. అవి ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వస్తాయి, చివరిది గట్టిపడేసరికి పిల్లలకు పదేళ్ళు అటూఇటూగా ఉంటాయి. ‘ర’ రాయాలంటే సున్న చుట్టి తలకట్టు పెట్టాలి, అంటే మణికట్టు తిరగాలి, తిరిగి సరిగ్గా కావలసిన చోట ఆగాలి. చెంబులోంచి సన్నమూతి సీసాలోకి ఒలకకుండా నీళ్ళు పోసే పిల్ల నేర్చుకుంటున్నది ఆ తిరగడం, ఆగడమే. పిండి ముద్ద పిసకడం, పూలు గుచ్చడం, కాగితం చింపి అతికించడం కూడా ఈ కోవలోవే. 1939లో మద్రాసు అడయారుకు వచ్చిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి పద్ధతిలో పిల్లలు ముందు గరుకు కాగితపు అక్షరాల మీద వేలు నడుపుతారు. మన పెద్దలు ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దించినదీ, అక్షరాభ్యాసం నాడు బియ్యంలో రాయించేదీ ఇలాగే కదా! చేయి సిద్ధంకాక ముందే నాలుగు గీతల పుస్తకం ఇస్తే పిల్లలు పెన్సిల్‌ను పిడికిలితో బిగించి పట్టుకుంటారు, ఆ అలవాటు మాన్పించడానికి తర్వాత ఎంతో కష్టపడాలి.

గురువారం కొట్టు ఆటలో పాప సరుకుల చీటీ రాసిందేమో అడగండి. నా తరగతిలో ఒక అమ్మాయి కాగితం నిండా వంకర గీతలు గీసి, ఒక్కో గీత మీద వేలు పెట్టి ‘రెండు కిలోలు ఉల్లిపాయలు, ఒక సబ్బు’ అని కొట్టువాడికి చదివి వినిపించింది. గీతకు అర్థం ఉంటుందని ఆ పిల్లకు తెలిసిపోయింది, ఇక అక్షరాలు రావడమే తరువాయి. శుక్రవారం కథ సంగతి వేరే చెప్పనక్కరలేదు, ఇంటికి వచ్చి ఆ కథను తిరిగి చెబితే చాలు.

అయితే ఆట అన్న ప్రతిదాన్నీ నేను వెనకేసుకురాను. వారం వారం అదే కాగితం వస్తున్నా, సగం పూట టీవీ ముందు కూర్చోబెడుతున్నా గట్టిగా అడగవలసిందే. ‘ఈ వారం మా పాప దేని దగ్గర ఆగిపోయింది, వచ్చే వారం దానికి ఏం చేస్తారు?’ అని టీచరును అడిగి చూడండి. పాపను గమనించిన టీచరైతే వెంటనే చెప్పగలరు. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ళ వరకు ఒకే పునాది దశగా పెట్టింది, 2022లో దానికోసం వచ్చిన పాఠ్యప్రణాళికా చట్రం కూడా ఆట ద్వారానే నేర్పమంటోంది. కాబట్టి మీ బడి దారి తప్పి నడవడం లేదు.

అత్తగారికి జవాబు చెప్పవద్దు. అటకమీద వామనగుంటల పీట ఉంటే దింపి, పాపకు ఆట నేర్పమని ఆవిడనే అడగండి. పద్నాలుగు గుంటల్లో ఒక్కొక్క పిక్క వదులుతూ పోతుంటే, బడిలో మంగళవారం ఏం జరిగిందో ఆవిడకే అర్థమవుతుంది.

ప్రశ్న: మా మనవడు అంగన్‌వాడీకి వెళ్తాడు. మిగతా రోజులు బాగానే ఉంటాడు కానీ సోమవారం మాత్రం ఒకటే ఏడుపు. అక్కడ పెట్టే గుడ్డు, అన్నం ఇంట్లోనే పెట్టగలం కదా, మానిపించవచ్చా?
– ఒక తాతగారు, వరంగల్

జవాబు: 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలో పోషకాహారంతో పాటు పూర్వ ప్రాథమిక విద్య కూడా ఒక సేవ. గుడ్డు మీరు పెట్టగలరు, తోటి పిల్లలను తేలేరు. ఆదివారమంతా మీ వెంట తిరిగినవాడికి సోమవారం కష్టంగానే ఉంటుంది. ఆదివారం సాయంత్రం వాడితో కలిసి నాలుగు చింతగింజలో, రాలిన ఆకులో ఏరించి, ‘ఇవి రేపు టీచర్‌కు ఇవ్వాలి’ అని జేబులో వేయండి. గుమ్మం దగ్గర చెప్పకుండా జారుకోవద్దు, ఎప్పుడు వస్తారో చెప్పి వెళ్ళి, చెప్పినట్టే రండి.

ప్రశ్న: మా బాబుది యూకేజీ. శని, ఆదివారాలకు పది పేజీల హోంవర్క్ ఇస్తున్నారు. చేయించాలా?
– ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: రెండో తరగతి వరకు హోంవర్క్ వద్దని, పూర్వ ప్రాథమిక తరగతుల పిల్లలకు సంచి కూడా వద్దని 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం చెబుతోంది. ఆ మాట టీచరుకు మర్యాదగా గుర్తుచేయండి. ఈలోగా ఒక పేజీ మాత్రం వాడికి ఇష్టమైనంతవరకు రాయించి, మిగతా సమయంలో చిక్కుడుకాయలు ఒలిపించండి. ఒక్కో కాయలో ఎన్ని గింజలున్నాయో వాడే మీకు చెబుతాడు.