తలకొరివి పెట్టినవారికే ఆస్తి వస్తుందా?

ప్రశ్న (కుదించి ఇస్తున్నాం): మాది సికింద్రాబాద్. నాన్న హిందువు, అమ్మ రోమన్ క్యాథలిక్. 1986లో స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద పెళ్లి చేసుకున్నారు. చివరిదాకా ఎవరి మతంలో వాళ్లే ఉన్నారు. వాళ్లకు నేనొక్కదాన్నే. 14 నెలల కిందట నాన్న ఇంట్లోనే నిద్రలో పోయారు. మా పెదనాన్న కొడుకు వచ్చి, "ఆడపిల్లవి, పైగా చర్చికెళ్లే తల్లి బిడ్డవి" అంటూ నన్ను పాడె దగ్గరికి రానివ్వలేదు. బన్సీలాల్‌పేట శ్మశానంలో తనే తలకొరివి పెట్టి, అస్థికలు బాసరలో కలిపాడు. ఇప్పుడేమో "కర్మ చేసింది నేను, ఫ్లాటులో సగం నాది, ఊళ్లో ఇంట్లో మీకు వాటానే లేదు" అంటున్నాడు. పరువునష్టం కేసు వేయొచ్చా? అమ్మ తనను నారాయణగూడ సమాధుల తోటలో వాళ్ల అమ్మానాన్నల దగ్గరే పెట్టమంటోంది. రేపు దానికీ అడ్డుపడతాడేమోనని టెన్షన్‌గా ఉంది. డెత్ సర్టిఫికెట్ ఇంకా తీసుకోలేదు. ఒక బ్రోకరు వారంలో ఇప్పిస్తానంటున్నాడు.

జవాబు: నాలుగు పేజీల ఉత్తరంలో మూడున్నర పేజీలు పాడె దగ్గర గొడవే. కేసు తేల్చే మాట చివర్లో ఉంది: డెత్ సర్టిఫికెట్ ఇంకా తీసుకోలేదు.

ముందు ఆస్తి సంగతి. తలకొరివి పెడితే ఆస్తి రాదు, పెట్టకపోతే పోదు. హిందువు, క్రైస్తవురాలు ఆ చట్టం కింద పెళ్లి చేసుకుంటే వారి ఆస్తికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా లేదు కాబట్టి మీ అమ్మకు మూడో వంతు, మీకు మిగతా రెండు వంతులు. మీ అన్నకు గుండుసున్నా. పోనీ హిందూ వారసత్వ చట్టమే చూద్దామన్నా, భార్యా కూతురూ ఉండగా చనిపోయినవారి అన్న కొడుకు వంతు రాదు.

ఊళ్లో ఇల్లు నిజంగా పూర్వీకులదే అయితే, ఆ పెళ్లి రోజునే మీ నాన్న ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టు లెక్క. విడిపోవడమంటే వాటా పోగొట్టుకోవడం కాదు, వాటా వేరుపడటం. 1986 మ్యారేజ్ సర్టిఫికెట్ జాగ్రత్తగా పెట్టుకోండి. "మీకు వాటా లేదు" అని ఆయన మొదటిసారి ఏ రోజు అన్నాడో రాసుకోండి, మీ 12 ఏళ్ల గడువును అక్కడి నుంచి లెక్కబెట్టే అవకాశం ఉంది.

ఇక అసలు విషయం. ఇంట్లో మరణం జరిగితే 21 రోజుల్లో తెలియజేయాల్సిన బాధ్యత ఇంటివాళ్లదే. 30 రోజుల్లోపైతే ఆలస్య రుసుముతో పోయేది. ఏడాదిలోపైతే అధికారి అనుమతి తీసుకుంటే సరిపోయేది. ఏడాది దాటాక ఆర్డీవో స్థాయిలో ఉత్తర్వు కావాలి. దుఃఖం ఉంటుంది, కాదనను. కానీ నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ అడిగి పెన్షన్ ఆపేదాకా నాన్న ఏటీఎం కార్డుతో డబ్బు తీస్తూనే ఉన్నామని మీరే రాశారు. ఏటీఎంకు వెళ్లే ఓపిక ఉన్నవాళ్లకు మీసేవకు వెళ్లే తీరిక దొరకలేదా? రేపే బ్యాంకుకు మరణ తేదీ రాతపూర్వకంగా తెలియజేయండి. ఆ తర్వాత తీసిన సొమ్ము తిరిగి కడతామనో, అమ్మకు రావాల్సిన ఫ్యామిలీ పెన్షన్‌లో సర్దుకోమనో అందులోనే రాయండి.

ఆ బ్రోకరు వారంలో ఎలా ఇప్పిస్తాడో అడిగారా? మీ నాన్న పోయిన వారం చనిపోయినట్టు రాయించి, 21 రోజుల గడువులోకి తెస్తాడు. ఆ పని చేశారంటే మీ చేతులతో మీరే కేసు ముంచుకున్నట్టు. శ్మశానం రిజిస్టర్లో అసలు తేదీ ఉంటుంది, అది మీ అన్నకు తెలుసు. బీమా కంపెనీ విచారణలో రెండు తేదీలు బయటపడితే క్లెయిమ్ తిరస్కరిస్తుంది. ఫోర్జరీ కేసు బ్రోకరు మీదే కాదు, మీ మీదా పడొచ్చు.

సరైన దారి ఇదీ. మరణం నమోదు కాలేదన్న పత్రం జీహెచ్ఎంసీ నుంచి తీసుకోండి. ఆ రోజు వచ్చి చూసిన డాక్టరు రాతపూర్వక ధ్రువీకరణ, నాన్న ఆధార్, ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ల అఫిడవిట్లు జతచేసి ఆర్డీవోకు దరఖాస్తు పెట్టండి. శ్మశానం రశీదు మీ అన్న దగ్గర ఉందంటున్నారు, ఆయన్ని బతిమాలొద్దు. సమాచార హక్కు దరఖాస్తుతో రిజిస్టర్ నకలు తెచ్చుకోండి. అందులో "మృతుడితో సంబంధం" అన్న గడి ముందు చూడండి. "అన్న కొడుకు" అని ఉంటే ఆయన సంతకమే మీకు సాక్ష్యం. "కుమారుడు" అని రాయించుకున్నవాళ్లనూ చూశాను. అలా ఉంటే వెంటనే లిఖితపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. సర్టిఫికెట్ చేతికొచ్చాక తహసీల్దారు ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోండి. బీమా డబ్బు కోసం దావా వేయాలంటే మామూలుగా మరణ తేదీ నుంచి మూడేళ్లు. మీకు మిగిలింది 22 నెలలు.

పరువునష్టం దావాకు గడువు ఏడాదే, అది దాటిపోయింది. క్రిమినల్ ఫిర్యాదుకు ఇంకా టైముంది గానీ, దాని వల్ల మీకు ఒక్క చదరపు గజం కూడా కలిసిరాదు.

అమ్మ కోరిక గురించి. అంత్యక్రియల కోరిక వీలునామాలో రాస్తే చాలనుకుంటారు. మన ఇళ్లలో వీలునామా బయటికి తీసేది పెద్దకర్మ అయ్యాకే! ఆస్తి పంపకంలా ఆ కోరికను కచ్చితంగా అమలు చేయించే వీలు లేకపోయినా, తగవొస్తే మొదట చూసేది సాక్ష్యాన్నే. కేరళ నాయకుడు ఎం.ఎం. లారెన్స్ 2024 సెప్టెంబరులో పోతే, భౌతికకాయాన్ని మెడికల్ కాలేజీకి ఇవ్వాలా, చర్చి పద్ధతిలో ఖననం చేయాలా అని సొంత బిడ్డలే కోర్టుకెక్కారు. ఆయన బతికుండగా సాక్షుల ఎదుట నోటితో చెప్పిన మాటే నిలిచింది. కానీ అది సుప్రీంకోర్టులో తేలేసరికి 2025 జనవరి వచ్చింది.

అందుకే అమ్మ ఓపికగా ఉన్నప్పుడే ఒక పేజీ రాయించండి: ఎక్కడ ఖననం చేయాలి, ఎవరు ముందుండి జరిపించాలి. బంధువులు కాని ఇద్దరితో సాక్షి సంతకాలు పెట్టించండి. చర్చిలో పెళ్లి కాలేదు, అక్కడ ఖననం ఎలా అన్న పాయింటు ఎవరైనా లేవనెత్తొచ్చు కాబట్టి, జ్ఞానస్నాన (బాప్తిస్మం) పత్రం తీసుకుని ఇప్పుడే విచారణ గురువును, అంటే అమ్మ వెళ్లే చర్చి ఫాదర్‌ను కలవండి. తల్లిదండ్రుల సమాధినే మళ్లీ తెరవనిస్తారా, ఎవరి అనుమతి కావాలి అన్నది సమాధుల తోట కమిటీని అడిగి రాతలో తీసుకోండి. ఆ కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేయొద్దు. ఫొటోలు సాక్షుల ఫోన్లలో, ఒక నకలు ఫాదర్ దగ్గర ఉండాలి.